బైబిల్ దృక్పథంలో పిల్లలకు జంతువుల పరిచయం (చిత్తూరు ప్రాంతం)

క్రైస్తవ కుటుంబాల్లో, సంఘాల్లో, మిషన్ బడుల్లో జంతువుల గురించి బైబిల్ ఆధారంగా పిల్లలకు చెప్పే బోధ ఇది. ఇందులో రెండు పనులున్నాయి. బైబిల్‌లో కనిపించే జంతువులను, వాటి చుట్టూ అల్లుకున్న కథలను పరిచయం చేయడం మొదటిది. ఇంటి దొడ్లోనూ, చేలోనూ, అడవిలోనూ కళ్ల ముందున్న జంతువులను దేవుని సృష్టిగా చూడటం, వాటితో ఎలా మెలగాలో నేర్పడం రెండోది. మొదటి పనికి కథలు, పాటలు, బొమ్మలు కావలసినన్ని ఉన్నాయి. రెండోదానికి బైబిల్‌లో ఆధారాలు బలంగానే ఉన్నా పాఠాల్లో చోటు తక్కువ.

ఈ వ్యాసంలో చిత్తూరు ప్రాంతమంటే 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన పాత చిత్తూరు జిల్లా: చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు, కుప్పం, పుంగనూరు, మదనపల్లె. 2022 పునర్విభజన తర్వాత ఈ ఊళ్లన్నీ ఒకే జిల్లాలో లేవు.

గ్రంథాధారాలు

ఆదికాండం మొదటి అధ్యాయం ప్రకారం అయిదో రోజున జలచరాలు, పక్షులు పుట్టాయి. ఆరో రోజున పశువులు, పాకే జీవులు, అడవి మృగాలు పుట్టాయి. మనిషి పుట్టింది కూడా ఆరో రోజునే. మనిషికి ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించలేదన్న సంగతిని పిల్లలకు చెప్పేవారు తక్కువ. అదే అధ్యాయం చివర మనుషులకు, జంతువులకు మొక్కలనే ఆహారంగా ఇచ్చినట్టు ఉంది. మాంసాహారానికి అనుమతి జలప్రళయం తర్వాత తొమ్మిదో అధ్యాయంలో వస్తుంది. రెండో అధ్యాయంలో ఆదాము జంతువులకు పేర్లు పెడతాడు. చిన్న తరగతుల్లో ఎక్కువగా ఆట రూపంలో చెప్పే పాఠం ఇది.

నోవహు ఓడ కథ అందరికీ తెలిసిందే. అందులో రెండు వివరాలు మాత్రం పాఠాల్లో తరచు జారిపోతాయి. పవిత్ర జంతువులను ఏడేసి చొప్పున ఎక్కించమని ఏడో అధ్యాయం చెబుతుంది. కనుక అన్నీ రెండేసి అనడం సగం నిజమే. ఇక ఇంద్రధనుస్సు గుర్తుగా చేసిన నిబంధన నోవహు కుటుంబంతో మాత్రమే కాదు, ఓడలోంచి దిగిన ప్రతి జీవితోనూ జరిగింది.

మోషే ధర్మశాస్త్రంలో పశువుల పట్ల నడవడి గురించి స్పష్టమైన ఆజ్ఞలున్నాయి. విశ్రాంతి దినం ఎద్దుకు, గాడిదకు కూడా వర్తిస్తుంది (నిర్గమకాండం 23). పగవాడి గాడిద బరువు కింద పడిపోయి ఉంటే చూసి తప్పుకుపోకూడదు. పక్షి గూడు దొరికితే పిల్లలతో పాటు తల్లిని పట్టుకోకూడదు (ద్వితీయోపదేశకాండం 22). ఎద్దునూ గాడిదనూ జతకట్టి దున్నకూడదు. తల్లినీ పిల్లనూ ఒకే రోజున వధించకూడదు (లేవీయకాండం 22). నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం అంటుంది.

జ్ఞాన సాహిత్యంలో జంతువులు గురువుల స్థానంలో ఉంటాయి. సోమరి చీమ దగ్గరికి వెళ్లి నేర్చుకోవాలి. సామెతలు 30లో చిన్నవైనా తెలివైనవిగా చీమలు, చిన్న కుందేళ్లు, మిడతలు, బల్లి వరుసగా వస్తాయి. యోబు 38 నుంచి 41 వరకు సింహం, కాకి, కొండమేక, అడవిగాడిద, నిప్పుకోడి, గుర్రం, డేగ కనిపిస్తాయి. వాటిలో చాలావరకు మనిషికి లొంగనివి, మనిషికి పనికిరానివి. వాటిని కూడా దేవుడు పట్టించుకుంటాడన్నదే ఆ అధ్యాయాల సారం. 104వ కీర్తన కూడా ఇదే దారిలో నడుస్తుంది. సొలొమోను మృగాలు, పక్షులు, పాకే జీవులు, చేపల గురించి మాట్లాడేవాడని రాజుల మొదటి గ్రంథం నాలుగో అధ్యాయం పేర్కొంటుంది.

యేసు బోధలో ఆకాశ పక్షులు, పిచ్చుకలు, తప్పిపోయిన గొర్రె, రెక్కల కింద పిల్లలను చేర్చుకునే కోడి, బొరియలున్న నక్కలు ఉపమానాలుగా వస్తాయి. ఇవన్నీ గలిలయ పల్లెల్లో రోజూ కనబడే జీవులే.

పిల్లి ప్రస్తావన ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల బైబిల్‌లో ఎక్కడా లేదు. కథోలిక బైబిల్‌లోని బారూకు గ్రంథం ఆరో అధ్యాయంలో ఉంది. తోబీతు గ్రంథంలో యువకుడి వెంట నడిచే కుక్క కూడా కథోలిక పాఠాల్లోనే కనిపిస్తుంది.

చరిత్ర: ప్రపంచ నేపథ్యం

క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో గ్రీకులో వచ్చిన 'ఫిజియోలోగస్' ఒక్కో జంతువుకూ ఒక్కో ఆధ్యాత్మిక అర్థం కట్టింది. మధ్యయుగాల ఐరోపా జంతుకథా గ్రంథాలకు అదే మూలం. అందులో జంతువు ఒక సంకేతం మాత్రమే, దాని అసలు నడవడితో పెద్దగా పని లేదు. ఈ అలవాటు ఆదివారపు బడి పాఠాల్లో నేటికీ కొంత మిగిలే ఉంది. గొర్రె అంటే విధేయత, నక్క అంటే జిత్తు, పాము అంటే పాపం.

జాన్ ఆమస్ కొమేనియస్ 1658లో అచ్చు వేసిన 'ఆర్బిస్ పిక్టస్' పిల్లల బొమ్మల పాఠ్యపుస్తకాల్లో ఆద్యమైనదిగా పేరొందింది. కొమేనియస్ బిషప్ కూడా. ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన ఆదికాండ వచనాలను గ్రంథం ముందు ఉంచి, జంతువుల కూతలతో అక్షరాలు నేర్పాడు. బొమ్మను, పేరును, ధ్వనిని కలిపి చూపే పద్ధతికి అది మొదలు.

రాబర్ట్ రేక్స్ 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో నడిపిన బడులు ఆదివారపు బడి ఉద్యమానికి ఊపిరి పోశాయి. సెసిల్ ఫ్రాన్సిస్ అలెగ్జాండర్ 1848లో ప్రచురించిన పిల్లల కీర్తనల పుస్తకం ద్వారా సృష్టి జీవుల పాట ఇంగ్లీషు లోకమంతటా పాకింది. జంతు హింసను అడ్డుకునే తొలి సంఘాల్లో ఒకదాన్ని 1824లో లండన్‌లో ఆరంభించినవారిలో ఆర్థర్ బ్రూమ్ అనే పాస్టరు ముఖ్యుడు. 1875లో కేథరిన్ స్మిథీస్ మొదలుపెట్టిన 'బ్యాండ్ ఆఫ్ మెర్సీ' సంఘాల్లో పిల్లలు జంతువుల పట్ల దయగా ఉంటామని మాట ఇచ్చేవారు.

సెలవుల బైబిల్ బడి, అంటే నేటి వీబీఎస్, మూలాలు 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హావెస్ నడిపిన తరగతుల్లో ఉన్నాయి. భారతదేశంలో ఆదివారపు బడుల సమాఖ్య 1876లో ఏర్పడింది.

చరిత్ర: చిత్తూరు ప్రాంతం

ఈ ప్రాంతంలో క్రైస్తవ బోధ 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్‌తో పుంగనూరు వైపు మొదలైంది. నేడు కథోలిక సంఘాలు కడప మేత్రాసనం కింద ఉన్నాయి. వారి పిల్లల తరగతులను జ్ఞానోపదేశమంటారు.

అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్‌ను 1853లో హెన్రీ మార్టిన్ స్కడర్, ఆయన సోదరులు స్థాపించారు. అప్పటికి చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాలో ఉండేది. మిషన్ తొలి కేంద్రాల్లో అదొకటి. తెలుగు భాగంలో ముఖ్యుడు జేకబ్ చేంబర్లేన్ (1835–1908). మొదట పలమనేరులో పనిచేసి 1863లో మదనపల్లెలో స్థిరపడ్డాడు. వైద్యుడు, బోధకుడు, తెలుగు బైబిల్ సవరణ సంఘానికి చాలా ఏళ్లు అధ్యక్షుడు. తెలుగువారి మధ్య తన పని గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన రెండు పుస్తకాల పేర్లూ జంతువుల మీదే ఉన్నాయి: 'పులి అడవిలో' (1896), 'నాగుపాము గుహ' (1900). అమెరికా పాఠకులకు ఇక్కడి పులి, పాము వెళ్లాయి. అక్కడ అచ్చయిన ఆదివారపు బడి బొమ్మల్లో బొచ్చు గొర్రెలు ఇక్కడి పిల్లలకు వచ్చాయి. ఈ మారకం ప్రభావం బోధనలో ఎలా ఉందో కింద చూడవచ్చు (చూ. గొర్రె, మేక).

తూర్పు భాగంలో జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ పనిచేసింది. అగస్ట్ మీలియస్ నాయకత్వంలో 1865లో మొదలై శ్రీకాళహస్తి, తిరుపతి వైపు విస్తరించింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా లూథరన్లు ఆ పనిని చేపట్టారు. 1945లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఏర్పడింది, దాని కేంద్రం తిరుపతి. 1947లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడినప్పుడు ఆర్కాటు మిషన్ సంఘాలు అందులో కలిశాయి. తర్వాత పెరిగిన పెంతెకొస్తు, బ్రదరన్, స్వతంత్ర సంఘాలు కూడా పిల్లల తరగతులు నడుపుతున్నాయి.

బోధనా రూపాలు

ఆదివారపు బడి ఏడాది పొడవునా ఉంటుంది. ఆరాధనకు ముందో, తర్వాతో గంట సేపు సాగుతుంది. పాట, ప్రార్థన, కథ, కంఠత వాక్యం అనే నాలుగు మెట్లు దాదాపు అన్ని సంఘాల్లోనూ ఉంటాయి. వీబీఎస్ వార్షిక పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర, మే నెలల్లో వారం పది రోజులు నడుస్తుంది. ప్రతి ఏటా ఒక అంశం ఉంటుంది. అడవి, ఓడ, సముద్రం, పొలం వంటివి అంశాలైనప్పుడు జంతువులు ముందుకు వస్తాయి. అభినయ గీతాలు, మాస్కులు, రంగులు వేసే కాగితాలు, చివరి రోజు నాటిక దీని సామగ్రి. క్రైస్తవేతర కుటుంబాల పిల్లలు కూడా వచ్చే తరగతులివి.

ఫ్లానెల్‌గ్రాఫ్ చాలాకాలం ప్రధాన సాధనం. అట్టకు ఫ్లానెల్ గుడ్డ బిగించి నిలబెడతారు. కత్తిరించిన బొమ్మల వెనక అదే గుడ్డ ముక్కో, గరుకు కాగితమో అంటిస్తారు. బొమ్మను గుడ్డకు అదిమితే జిగురు లేకుండానే నిలుస్తుంది, తీస్తే వచ్చేస్తుంది. నోవహు ఓడకు ఇది బాగా కుదిరింది. ఒక్కో జంతువును ఒక్కో పిల్లవాడి చేతికిచ్చి వరుసగా ఓడలోకి ఎక్కించవచ్చు. ఫ్యాను గాలికి జిరాఫీ కింద పడితే తరగతంతా నవ్వడం కూడా పాఠంలో భాగమే. ఇప్పుడు దాని స్థానంలో ప్రొజెక్టరు, యానిమేషన్ వీడియోలు వచ్చాయి. పిల్లల చేతికి పని తగ్గింది.

కుటుంబ ప్రార్థన మరో రూపం. రాత్రి భోజనం ముందో, తర్వాతో ఇంటి పెద్ద బైబిల్ చదివి పిల్లలకు వివరిస్తారు. ఇంట్లో ఆవు, మేకలు, కోళ్లు ఉంటే ఉదాహరణలు వెతుక్కోనక్కర లేదు.

స్థానిక కళారూపాల వాడకం పరిమితం. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు క్రీస్తు జీవిత ఘట్టాలను కూడా బట్ట మీద వేశారు. కలంకారీలో జంతువుల చిత్రణకు ఎంతో పేరున్నా, పిల్లల పాఠాలకు దాన్ని పెద్దగా వాడుకోలేదు.

పాఠాల్లో ముఖ్య జంతువులు

గొర్రె, మేక. ఆదివారపు బడి బొమ్మల్లో గొర్రె అంటే తెల్లగా, గుండ్రంగా, ఒళ్లంతా ఉన్నితో ఉంటుంది. చిత్తూరు ప్రాంతంలో ఎక్కువగా మేపే నెల్లూరు జాతి గొర్రె పొడుగు కాళ్లతో, ఉన్ని లేకుండా పొట్టి వెంట్రుకలతో, దూరం నుంచి మేకలాగే కనిపిస్తుంది. మత్తయి 25లో కాపరి గొర్రెలనూ మేకలనూ వేరు చేసే పోలిక ఉంది. బొమ్మల పుస్తకం చూసిన పిల్లలకు అది వింతగా తోస్తుంది. ఉన్ని గొర్రెకూ మేకకూ తేడా కనిపెట్టడానికి కాపరి దేనికి? నెల్లూరు గొర్రెలూ మేకలూ కలిసి మేసే మందను చూసిన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది, అది తెలిసినవాడే చేయగల పని అని. తోక కిందికి వేలాడితే గొర్రె, పైకి లేచి ఉంటే మేక అని పల్లె పిల్లలు చెప్పేస్తారు. విదేశీ బొమ్మను పక్కనబెట్టి ఊరి మందను చూపిస్తే పాఠం తేలికయ్యే చోట్లలో ఇది మొదటిది.

కాపరి విషయంలో మాత్రం తేడా ఉంది. యోహాను 10లో కాపరి ముందు నడుస్తాడు, గొర్రెలు అతని స్వరం గుర్తుపట్టి వెంట వస్తాయి. ఇక్కడి కాపరి ఎక్కువగా వెనకనుంచీ పక్కనుంచీ అదిలిస్తూ తోలుతాడు. రాత్రి మందను రైతు చేలో నిలిపి ఎరువు వేయించడం ఇక్కడి ఆనవాయితీ. ఆ దొడ్డి, కాపలా, వాకిట్లో పడుకునే మనిషి వంటి వివరాలు యోహాను 10లోని దొడ్డి వర్ణనకు దగ్గరగా ఉంటాయి.

ఎద్దు, ఆవు. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదన్న ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం 25లో ఉంది. చిక్కం అంటే తాడుతో అల్లిన చిన్న వలబుట్ట. మూతికి తొడిగి చెవుల వెనక కడతారు. వేరుశెనగ సాళ్ల మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దు పైరు కొరకకుండా దాన్ని వేయడం ఇక్కడి అలవాటు. బైబిల్ వద్దన్నది కళ్లంలో. అక్కడ ఎద్దు తన కష్టంతో రాలిన గింజను తినడానికి హక్కుంది. ఈ తేడాను రైతుబిడ్డలు తొందరగా పట్టుకుంటారు. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు వచ్చాక పుట్టినవారికి చిక్కాన్ని చూపించి చెప్పాలి. అపొస్తలుడైన పౌలు కొరింథీయుల మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో ఇదే ఆజ్ఞను పనివారి కూలికి అన్వయించాడు. పెద్ద తరగతుల్లో ఆ రెండింటినీ కలిపి చెప్పవచ్చు.

పుంగనూరు ఆవు ఈ ప్రాంతపు సొంత జాతి, ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. అది అంతరించిపోయే స్థితికి వచ్చాక పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో సంరక్షణ జరిగింది. జాతులను కాపాడటం గురించి నోవహు పాఠంతో కలిపి చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

గాడిద. ఈ జంతువుకు తెలుగు తిట్లలో ఉన్న స్థానం, బైబిల్‌లో ఉన్న స్థానం పూర్తిగా వేరు. బిలాము కంటికి కనబడని దూతను అతని గాడిద చూస్తుంది (సంఖ్యాకాండం 22). అకారణంగా మూడుసార్లు దెబ్బలు తిని, నోరు తెరిచి అడుగుతుంది. దూత కూడా మొదట ఆ దెబ్బల గురించే బిలామును నిలదీస్తాడు. యేసు యెరూషలేములో ప్రవేశించింది గాడిద పిల్ల మీద. మట్టలాదివారం ఊరేగింపులో పిల్లలు ఈత, కొబ్బరి మట్టలు పట్టుకుని నడుస్తారు. పశువును కొట్టకూడదని చెప్పడానికి బిలాము కథకు మించిన పాఠం బైబిల్‌లో లేదు. అయినా బోధకులు మాట్లాడే గాడిద అనే వింత దగ్గరే ఎక్కువగా ఆగుతారు.

పాము. ఆదికాండం మూడో అధ్యాయంలో సర్పం హవ్వను మోసగిస్తుంది. అక్కడ దాన్ని సాతాను అని పేర్కొనలేదు. ఆ గుర్తింపు ప్రకటన గ్రంథం 12లో వస్తుంది. సంఖ్యాకాండం 21లో ఇత్తడి సర్పాన్ని చూసినవారు బతుకుతారు. మత్తయి 10లో సర్పాల్లా వివేకంగా ఉండమంటాడు యేసు. ఈ మూడింటినీ కలిపి చెప్పకపోతే పామంటే చంపవలసినదే అన్న భావం పిల్లల్లో నాటుకుంటుంది. ఇరుగుపొరుగున నాగులచవితికి పుట్టకు పాలు పోస్తుంటారు కనుక ఈ పాఠంలో మాట జాగ్రత్తగా వాడాలి. ఈ ప్రాంతంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటి విషసర్పాలున్నాయి. పాము కరిస్తే ప్రార్థనతో పాటు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్న మాట పాఠంలో చేర్చడం అవసరం.

సింహం. దావీదు, సంసోను, దానియేలు కథల్లో వస్తుంది. పాలస్తీనాలో సింహాలు మధ్యయుగాలతో అంతరించాయి. తిరుపతి పిల్లలు మాత్రం శేషాచలం పాదాల దగ్గర 1987లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలలో సింహాన్ని చూడగలరు. 2024 ఫిబ్రవరిలో అక్కడి సింహాల ఆవరణలోకి దూకిన ఒక సందర్శకుడు ప్రాణాలు కోల్పోయాడు. దానియేలును గుహలో పడేశారు, తనంతట తాను దిగలేదు. ఈ తేడాను చిన్నపిల్లలకు తేల్చి చెప్పాలి.

చీమ, బల్లి. ఖర్చులేని పాఠాలు. చీమల బారును పావుగంట చూడమంటే చాలు. సామెతలు 30లోని బల్లి రాజుల గృహాల్లో తిరుగుతుంది. శేషాచలం రాతి చరియల్లో అరుదైన బంగారు బల్లి ఉంది. ఆ కొండలు 2010లో జీవావరణ రక్షిత ప్రాంతమయ్యాయి.

ఏనుగు. కౌండిన్య అభయారణ్యం (1990) అంచున పలమనేరు, కుప్పం పల్లెల్లో ఏనుగులు చేలమీద పడటం తరచు జరుగుతుంది. అక్కడి పిల్లలు సహజంగానే బైబిల్‌లో ఏనుగు ఉందా అని అడుగుతారు. ప్రొటెస్టెంట్ బైబిల్‌లో సొలొమోను ఓడలు తెచ్చిన దంతం ఉంది గాని ఏనుగు కథ లేదు. కథోలికుల మక్కబీయుల మొదటి గ్రంథం ఆరో అధ్యాయంలో యుద్ధపుటేనుగులున్నాయి. సొలొమోను ఓడల సరకులో కోతులు, నెమళ్లు కూడా ఉన్నాయి. అవి దక్షిణ భారతం నుంచి వెళ్లి ఉండవచ్చని కొందరు పండితులు ఊహించారు.

వయసు, పద్ధతి

ఆరేళ్లలోపు పిల్లలకు పేరు, ధ్వని, బొమ్మ చాలు. కారణాలు, ఉపమానాలు ఆ వయసుకు ఎక్కవు. ఏడు నుంచి పదేళ్లవారు కథను వరుసగా పట్టుకోగలరు, కానీ ఉపమానాన్ని మాటకు మాటగా తీసుకుంటారు. మనమంతా గొర్రెలం అంటే నవ్వుతారు. పదకొండు దాటినవారు ధర్మశాస్త్రంలోని ఆజ్ఞలను, వాటి వెనక కారణాన్ని చర్చించగలరు. పక్షి గూడు ఆజ్ఞ ఈ వయసుకు సరిగ్గా సరిపోతుంది. వేసవిలో గూళ్ల వెంట తిరిగేది, క్యాటర్‌బాల్ పట్టుకునేది వారే.

జలప్రళయంలో మునిగిపోయిన జంతువుల గురించి పిల్లలు అడిగే ప్రశ్న బోధకులను ఇబ్బంది పెడుతుంది. ఐగుప్తు తెగుళ్లలో పశువుల చావు కూడా అంతే. చాలామంది దాన్ని దాటవేస్తారు. యోనా గ్రంథం చివరి వచనం ఇక్కడ పనికొస్తుంది. నీనెవె పట్టణాన్ని దేవుడు విడిచిపెట్టడానికి అక్కడి జనంతో పాటు పశువులను కూడా కారణంగా చెబుతాడు. పెద్ద చేప దగ్గరే ఆగిపోయే పాఠాల్లో ఈ వచనం వినబడదు.

వివాదాంశాలు

సృష్టి, పరిణామం. బడిలో పరిణామవాదం, ఆదివారం ఆరు రోజుల సృష్టి వినే పిల్లలకు పొంతన కుదరదు. ఆరు రోజులను 24 గంటల రోజులుగా తీసుకునే సంఘాలున్నాయి. అమెరికాలో 1961లో వచ్చిన విట్‌కమ్, మారిస్‌ల 'ఆదికాండ జలప్రళయం' పుస్తకం ఈ ధోరణికి బలమిచ్చింది. 2016లో కెంటకీలో తెరిచిన నోవహు ఓడ ప్రదర్శనశాల దాని కొనసాగింపే. ఆదికాండాన్ని విజ్ఞాన పాఠంగా కాక విశ్వాస ప్రకటనగా చదివే సంఘాలూ ఉన్నాయి. కథోలిక సభ 1950 నాటి పోపు లేఖలో పరిణామంపై పరిశోధనకు అడ్డు చెప్పలేదు. 1996లో రెండో జాన్ పాల్ దాన్ని కేవలం ఊహకు మించినదిగా గుర్తించాడు.

ఏలుబడి. భూజంతువులను ఏలమన్న ఆదికాండ వచనం ప్రకృతి దోపిడీకి దారి తీసిందని చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో వాదించాడు. దానికి జవాబుగా ఏలుబడి అంటే యజమాని ఆస్తిని కాచే గృహనిర్వాహకత్వమని వేదాంతులు వివరించారు. పోపు ఫ్రాన్సిస్ 2015 లేఖ 'లౌదాతో సీ' ఈ దిశలో ముఖ్యమైనది. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 వరకు పలు సంఘాలు సృష్టి కాలాన్ని పాటిస్తాయి. చివరి రోజు అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగ.

బలి, ఆహారం. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది, వీబీఎస్ కాలం కూడా అదే. కోడి, మేక బలులను చూసిన పిల్లలు లేవీయకాండపు బలుల గురించి అడుగుతారు. క్రీస్తు మరణంతో బలులు ముగిశాయన్నది హెబ్రీయుల పత్రిక పదో అధ్యాయం ఆధారంగా సంఘాలిచ్చే జవాబు. పవిత్ర, అపవిత్ర జంతువుల జాబితాను (లేవీయకాండం 11) సెవెంత్ డే అడ్వెంటిస్టులు ఆహారంలో నేటికీ పాటిస్తారు. తక్కిన సంఘాల్లో ఎక్కువ భాగం అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలోని పేతురు దర్శనాన్ని చూపి ఆ నియమం తమకు లేదంటాయి.

ఇతర సంప్రదాయాలతో పోలిక

తెలుగు పిల్లలకు జంతుకథ అంటే ముందు పంచతంత్రం. చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853) తరతరాల పాఠ్యపుస్తకం. అందులో జంతువులు మనుషుల్లా మాట్లాడి, కుట్రలు పన్ని, స్నేహం చేస్తాయి. బైబిల్ కథల్లో మాట్లాడే జంతువులు రెండే, ఏదెను తోట సర్పం, బిలాము గాడిద. ప్రకటన గ్రంథంలోని దర్శనాల సంగతి వేరు. మిగిలినచోట్ల కాకి కాకిలాగే ఉంటుంది, ఏలీయాకు రొట్టె, మాంసం తెచ్చినా నోరు విప్పదు.

శ్రీకాళహస్తి స్థలపురాణంలో సాలెపురుగు, పాము, ఏనుగు శివుణ్ణి పూజించి ముక్తి పొందుతాయి. ధూర్జటి కావ్యానికి ఇదే వస్తువు. అక్కడి క్రైస్తవ పిల్లలకు ఈ కథ బడిలోనో, స్నేహితుల నోటనో ముందే తెలిసి ఉంటుంది. బైబిల్‌లో 148వ కీర్తన మృగాలను, పశువులను, పాకే జీవులను, పక్షులను దేవుణ్ణి స్తుతించమంటుంది. జంతువు భక్తి చేయగలదన్న ఊహ రెండు చోట్లా ఉంది. విగ్రహారాధన విషయంలో దారులు విడిపోతాయి. కనుమ పండుగ, నిర్గమకాండం 32లోని బంగారు దూడ ఒకే తరగతిలో ప్రస్తావనకు వచ్చినప్పుడు, పొరుగువారి ఆచారాన్ని చులకన చేయకుండా చెప్పడం బోధకుల నేర్పు మీద ఆధారపడుతుంది.

చట్టం, నియమాలు

రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ చేయరాదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే బడుల్లో పిల్లల సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధకు హాజరుపరచరాదు. మిషన్ బడులకూ ఇది వర్తిస్తుంది. జీవుల పట్ల కరుణ చూపడం పౌరుల విధి అని 51ఏ అధికరణం చెబుతుంది. 1976లో 42వ సవరణ ద్వారా అది చేరింది.

తరగతికి బతికున్న జంతువులను తెచ్చేవారు 1960 నాటి జంతు హింస నివారణ చట్టాన్ని, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టాన్ని గమనించాలి. మేకపిల్ల, కోడిపిల్లలు, కుక్కపిల్ల తేవచ్చు. నీడ, నీళ్లు ఉండాలి, చేతులు మారుతూ నలగకూడదు. పంజరంలో రామచిలుకను తెచ్చి ఓడ పాఠం చెప్పడం నేరం. పొలం గట్ల మీద దొరికే నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చుకోవడమూ నేరమే. దొరికితే దాని జోలికి పోకుండా వదిలేయాలి, గాయపడి ఉంటే అటవీ శాఖకు చెప్పాలి.